పలికే అక్షరం, కనిపించే అక్షరం

‘స్త్రీ’ అన్న మాట ఒకసారి కాగితం మీద రాసి చూడండి. ముందు స రాస్తాం, దాని నెత్తిన గుడిదీర్ఘం పెడతాం, ఆ తర్వాత త వత్తు, ర వత్తు తగిలిస్తాం. పలికేటప్పుడు వరుస ఇది కాదు. స, త, ర మూడూ అయ్యాకే ఈ వస్తుంది. పలుకులో చిట్టచివరిదైన అచ్చు రాతలో వత్తులకన్నా ముందే వచ్చి కూర్చుంటుంది. చూపున్నవాళ్లకి ఈ సంగతి తట్టను కూడా తట్టదు. కన్ను ఆ గుత్తినంతా ఒక్క పట్టున చదివేస్తుంది. వేలితో చదివేవాళ్లకీ, చెవితో చదివేవాళ్లకీ మాత్రం వరుసే ప్రాణం. మరి ఆ మాటని కంప్యూటర్లో దాచుకునేటప్పుడు కనిపించే వరుసలో దాచాలా, పలికే వరుసలో దాచాలా? చూడ్డానికి చిన్న ప్రశ్న. తెలుగులో ఆన్‌లైన్ చదువు ఎవరికి అందుతోంది, ఎవరికి అందటం లేదు అన్నది చాలావరకు ఈ ప్రశ్నకి ఎప్పుడో ఎవరెవరో ఇచ్చిన జవాబుల మీదే ఆధారపడి ఉంది. ఆ జవాబుల కథే ఈ వ్యాసం.

కథ పారిస్‌లో మొదలవుతుంది. వాలెంటిన్ హావీ 1780లలో అక్కడ చూపులేని పిల్లలకోసం బడి పెట్టి, కాగితం మీద మామూలు ఫ్రెంచి అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చొత్తించాడు. గొప్ప పనే. కానీ ఆ అక్షరాలు కంటికోసం పుట్టినవి. వేలికి వాటి వంపులు తేల్చుకోవటం కష్టం, పుస్తకాలు బండల్లా బరువు, పైగా వాటితో పిల్లలు తమంతట తాము రాయటం కుదరదు. 1819లో పదేళ్ల వయసులో ఆ బడిలో చేరిన లూయీ బ్రెయిలీ, షార్ల్ బార్బియే తయారుచేసిన పన్నెండు చుక్కల లిపిని ఆరు చుక్కలకి కుదించి, పదిహేనేళ్లకల్లా తన పద్ధతిని సిద్ధం చేసుకున్నాడు. 1829లో దాన్ని అచ్చులో పెట్టాడు. పిల్లలు ఎగబడి నేర్చుకున్నారు. బడి పెద్దలు ఒప్పుకోలేదు. 1840లో డైరెక్టరైన ద్యుఫో ఆ లిపిని నిషేధించి, ఉన్న పుస్తకాలు తగలబెట్టించాడని చెబుతారు. బడిలో అది అధికారికంగా చెల్లుబాటయ్యింది 1854లో, బ్రెయిలీ చనిపోయిన రెండేళ్లకి.

నిషేధించటానికి పంతుళ్లకున్న కారణం ఏమిటి? ఆ చుక్కలు తమకి చదవటం రావు! చదువుకునేవాళ్లకి ఏది సులువు అన్నది కాదు, చదువు చెప్పేవాళ్లకీ పుస్తకం తయారుచేసేవాళ్లకీ ఏది సులువు అన్నదే లెక్కలోకి వచ్చింది. ఈ లెక్క మళ్లీ మళ్లీ ఎదురవుతుంది, గుర్తుపెట్టుకోండి.

మనదేశంలో చూపులేనివాళ్లకి మొదటి బడి 1887లో అమృత్‌సర్‌లో తెరిచారు. తర్వాతి అరవై ఏళ్లలో ప్రాంతానికొక, మిషన్‌కొక బ్రెయిలీ లిపి పుట్టుకొచ్చింది. ఒకచోట క అన్న చుక్కలు ఇంకోచోట వేరే అక్షరం. స్వాతంత్ర్యం వచ్చాక ఈ గందరగోళాన్ని సర్దటానికి కూర్చున్నారు. యునెస్కో చొరవతో 1951లో బేరూత్‌లో జరిగిన సమావేశంతో భారతి బ్రెయిలీ ఖాయమైంది. దీని సూత్రం ఒక్కటే: ఒక ధ్వనికి ఒకే చుక్కల గుర్తు, లిపి ఏదైనా సరే. తెలుగు క, హిందీ క, ఒడియా క, చివరికి ఇంగ్లీషు ‘కె’ కూడా వేలికి ఒకటే. ఇచ్ఛాపురంలో ఉన్న చూపులేని పిల్లవాడికి తెలుగు అక్షరాలూ ఒడియా అక్షరాలూ వేరువేరు కావు. భాషే వేరు. చూపున్న మనకి ఆ అదృష్టం లేదు.

వత్తులు, గుడులు, కొమ్ములు, తలకట్లు భారతి బ్రెయిలీలో లేనేలేవు. హల్లు తర్వాత అచ్చు పూర్తి రూపంలోనే వస్తుంది. సంయుక్తాక్షరం కావాలంటే హల్లుకి ముందు పొల్లు గుర్తుగా ఒక చుక్క పెడతారు. ‘స్త్రీ’ని రాస్తే పొల్లు, స, పొల్లు, త, ర, ఈ. ఆరు గళ్లు, పలికిన వరుసలో. విచిత్రం ఏమిటంటే, బార్బియే మొదటి లిపి కూడా ధ్వనులనే రాసేది. ఫ్రెంచి స్పెల్లింగు అందులో ఇమడదని బ్రెయిలీ దాన్ని అక్షరాల లిపిగా మార్చాడు. పలికినట్టే రాసే మన భాషల దగ్గరికి వచ్చేసరికి ఆ చుక్కలు మళ్లీ ధ్వని దారే పట్టాయి.

బ్రెయిలీ పుస్తకానికి చోటు ఎక్కువ కావాలి, డబ్బు ఎక్కువ కావాలి. చూపు పోయాక పెద్దవయసులో వేళ్లకి చదువు నేర్పటమూ తేలిక కాదు. అందుకే చెవి రంగంలోకి వచ్చింది. అమెరికాలో 1934లో, ఇంగ్లండులో 1935లో మాట్లాడే పుస్తకాలు గ్రామఫోను రికార్డుల మీద మొదలయ్యాయి. మామూలు శ్రోతలకి ఎల్పీ రికార్డు 1948లో గాని అందలేదు. చూపులేని పాఠకులు అప్పటికే దశాబ్దం పైగా అలాంటి రికార్డులు వింటున్నారు. ఆ తర్వాత క్యాసెట్లు. మనవాళ్లలో ఒక తరం డిగ్రీలు స్నేహితులు చదివి పెట్టిన క్యాసెట్లతోనే అయ్యాయి. క్యాసెట్‌తో చిక్కు ఒకటే, అందులో పేజీ ఉండదు. పన్నెండో పాఠం మూడో పేరా కావాలంటే టేపు తిప్పుకుంటూ పోవాలి. 1990లలో వచ్చిన డైసీ పద్ధతి ఆ చిక్కు విప్పింది. పుస్తకానికి అధ్యాయాలు, శీర్షికలు, పేజీలు ఉన్నట్టే ఆడియోకీ ఉండేలా చేసింది.

అసలు మలుపు మాత్రం యంత్రం తానే చదవటం. 1976లో రే కర్జ్‌వైల్ ఆవిష్కరించిన యంత్రం అచ్చుపేజీని స్కాన్ చేసి, అక్షరాలు గుర్తుపట్టి, పైకి చదివింది. 1989లో జాస్ అనే స్క్రీన్ రీడర్ వచ్చింది. తెర మీద ఏముందో చదివి వినిపించటం దాని పని. దాని ధర మన విద్యార్థికి అందేది కాదు. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు ఎన్‌వీడీఏ రాయటం మొదలుపెట్టి, దాన్ని ఉచితంగా ఇచ్చాడు. దాని లోపల ఉండే ఈస్పీక్ అనే చిన్న గొంతుకి తెలుగు కూడా వచ్చు. గొంతు తియ్యగా ఉండదు, డబ్బాలో రాళ్లేసి ఊపినట్టు ఉంటుంది. కానీ మాట మాటా చదువుతుంది. అలవాటైనవాళ్లు వేగం రెండింతలు, మూడింతలు పెంచుకుని వింటారు. మనకి ఒక్క ముక్క అర్థం కాదు, వాళ్లు పేజీలకి పేజీలు దాటేస్తుంటారు.

ఇంతవరకూ బాగుంది. యంత్రం ఉంది, గొంతు ఉంది, అదీ ఉచితంగా. ఇక చదవటానికి తెలుగు కావాలి.

తెలుగు అచ్చు కంప్యూటర్లోకి వచ్చినప్పుడు ఆ పని చేసినవాళ్ల ముందున్న లక్ష్యం కాగితం మీద అందమైన పేజీ. అందుకు దగ్గరదారి ఏమిటంటే, ఇంగ్లీషు అక్షరాలకి కేటాయించిన గళ్లలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టటం. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో త వత్తు, ఇంకో గడిలో గుడిదీర్ఘంతో ఉన్న సీ. ఆపరేటర్ ఈ ముక్కల్ని కంపోజిటర్ సీసపు అక్షరాలు పేర్చినట్టే కనిపించే వరుసలో పేరుస్తాడు. పుస్తకం చక్కగా వస్తుంది. కానీ కంప్యూటర్‌కి అక్కడ తెలుగు ఉన్నట్టే తెలియదు. దాని లెక్కలో అక్కడున్నవి ఇంగ్లీషు అక్షరాలు, విరామ చిహ్నాలు, ఏవో యూరపు భాషల కొమ్ములూ చుక్కలూ. అను ఫాంట్లలో ఉన్న ఫైలుని ఆ ఫాంటు లేని మెషీన్లో తెరిచినవాళ్లందరికీ ఈ దృశ్యం పరిచయమే. మనకి ఎప్పుడో ఒకసారి కనిపించే ఆ చెత్త, స్క్రీన్ రీడర్ వాడే మనిషికి ప్రతిసారీ వినపడుతుంది. ఫాంటు ఉన్నా వినపడుతుంది. ఎందుకంటే ఫాంటు కంటికోసం, చెవికి ఫాంటు లేదు.

తప్పు ఎవరిదని అడిగితే నేను డీటీపీ ఆపరేటర్లని గాని, ఆ ఫాంట్లు చేసినవాళ్లని గాని అనను. వాళ్లు తెలుగు పుస్తకాన్ని బతికించారు. పారిస్ పంతుళ్లలా వాళ్లు ఎవరినీ కావాలని బయటికి నెట్టలేదు. ఆ గదిలో చూపులేని పాఠకుడు లేడు, అంతే. ఉండి ఉంటే ఒక్క మాట అడిగేవాడు: ఇది నా మెషీన్ చదువుతుందా?

అదే కాలంలో రెండో దారి కూడా తయారవుతూనే ఉంది. 1991లో భారతీయ లిపుల కోసం ఇస్కీ ప్రమాణాన్ని ప్రకటించారు. అదే ఏడాది వచ్చిన మొదటి యూనికోడ్‌లో తెలుగుకి చోటు దక్కింది. రెండూ అక్షరాన్ని పలికే వరుసలోనే దాస్తాయి. యూనికోడ్‌లో ‘స్త్రీ’ అంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆరు సంకేతాలు. పైన చెప్పిన బ్రెయిలీ గళ్లు ఎన్నో ఒకసారి లెక్కపెట్టండి. పొల్లు హల్లుకి ముందా వెనకా అన్న తేడా తప్పితే 1951లో వేలికోసం చేసిన పనీ, నలభై ఏళ్ల తర్వాత యంత్రం కోసం చేసిన పనీ ఒకటే. ఆకారం సంగతి ఫాంటు చూసుకుంటుంది, అక్షరం మాత్రం పలుకుగానే ఉంటుంది. తెలుగు యూనికోడ్ చరిత్ర చెప్పేటప్పుడు టైపురైటర్లూ అచ్చుయంత్రాలూ తలుచుకుంటాం గాని, దానికి దగ్గరి చుట్టం బ్రెయిలీ అన్న సంగతి ఎవరూ ఎత్తరు.

అయితే ప్రమాణం పుట్టటం వేరు, వాడుకలోకి రావటం వేరు. 1990లలో తెలుగు నెట్‌లో రైస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకున్నారు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాకగాని మామూలు కంప్యూటర్లో యూనికోడ్ తెలుగు కనపడలేదు. తెలుగు దినపత్రికలు వెబ్‌లో ఒక్కోటి ఒక్కో ఫాంటుతో ఉండేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించే పద్మ అనే ఉపకరణం ఫైర్‌ఫాక్స్‌లో వాడేవాళ్లం. 2006లో లేఖిని వచ్చింది, బ్లాగులు వచ్చాయి, వికీపీడియా పెరిగింది. చూపున్నవాళ్లకి ఇదంతా సౌకర్యం. చూపులేనివాళ్లకి తెలుగు మొదటిసారి కంప్యూటర్లో చదవగలిగే భాష అయింది.

ప్రయోజనం వాళ్లకే కాదు. తారే జమీన్ పర్ సినిమా తర్వాత డిస్లెక్సియా అన్న మాట మన ఇళ్లలో కూడా వినపడుతోంది. అక్షరాలు తికమకపడే పిల్లలకి పాఠం పైకి చదువుతుంటే ఆ మాటే తెర మీద రంగు మారుతూ కనపడటం పెద్ద ఆసరా. చూపు మందగించినవాళ్లకి అక్షరం సైజు, పంక్తుల మధ్య ఖాళీ పెంచుకోవటం అవసరం. ఇవన్నీ అక్షరం నిజంగా అక్షరమైతేనే సాధ్యం, బొమ్మ అయితే కాదు.

చట్టం కూడా ఈలోగా కదిలింది. చూపులేనివాళ్ల కోసం పుస్తకాన్ని ఇంకో రూపంలోకి మార్చుకోవటానికి 2012 దాకా మన కాపీరైట్ చట్టంలో వెసులుబాటు లేదు. ఆ ఏడు సవరణ చేశారు. మరుసటి ఏడు జూన్‌లో మర్రకేష్‌లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. దాన్ని ఆమోదించిన మొదటి దేశం మనదే, 2014లో. ఈ రెంటి వెనకా పనిచేసిన న్యాయవాది రాహుల్ చెరియన్, ఒప్పందం కుదరటానికి కొద్ది నెలల ముందే చనిపోయాడు. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం తెరిచారు. మార్చుకునే హక్కు వచ్చింది. ఏది మార్చాలి? ఇంగ్లీషు పుస్తకాన్ని స్కాన్ చేస్తే గంటల్లో పని అవుతుంది. తెలుగు పుస్తకం దగ్గర హక్కు చేతిలో పట్టుకుని నిలబడాలి.

మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ కథ ఇప్పుడు సినిమాగా కూడా వచ్చింది కాబట్టి చాలామందికి తెలుసు. పదో తరగతి తర్వాత సైన్సు చదువుతానంటే చూపులేనివాళ్లకి కుదరదన్నారు. కోర్టుకెళ్లాడు, గెలిచాడు, పాఠాలు ఆడియోగా మార్చించుకుని నూటికి 98 తెచ్చుకున్నాడు. ఇక్కడి ఐఐటీల్లో చోటు దొరక్క అమెరికాలో ఎమ్‌ఐటీకి వెళ్లాడు. ఈ కథని పట్టుదల కథగా చెప్పుకోవటం మనకి ఇష్టం. నాకు అందులో ఆ ఆడియో ముఖ్యమనిపిస్తుంది. పాఠ్యపుస్తకం ముందే ఆ రూపంలో ఉండి ఉంటే, ఆ ఏడు అదే తరగతిలో ఇంకెంతమంది ఉండేవాళ్లు?

అమెరికా కూడా స్వర్గమేమీ కాదు. ప్రపంచానికి ఉచితంగా పాఠాలు ఇస్తున్న ఎమ్‌ఐటీ మీదా హార్వర్డ్ మీదా 2015 ఫిబ్రవరిలో అక్కడి బధిరుల జాతీయ సంఘం కేసు వేసింది. వీడియో పాఠాలకి క్యాప్షన్లు లేవు, ఉన్నచోట తప్పులతడకలు, మాకు చదువు ఎలా అందుతుంది అని. హార్వర్డ్ 2019లో, ఎమ్‌ఐటీ 2020లో రాజీకొచ్చి క్యాప్షన్లు పెట్టటానికి ఒప్పుకున్నాయి. బర్క్‌లీది ఇంకో కథ. మీ వీడియోలు వికలాంగులకి అందేలా లేవని అమెరికా న్యాయశాఖ 2016లో చెప్పింది. సరిచేయటానికి ఖర్చెక్కువ అనుకున్న విశ్వవిద్యాలయం 2017 మార్చిలో ఇరవై వేలకి పైగా పాఠాలని జనం కంటపడకుండా తీసేసింది! వినపడనివాళ్లకి లేవు కాబట్టి ఎవరికీ లేవన్నమాట. అప్పట్లో చాలామంది ఫిర్యాదు చేసినవాళ్లని తిట్టారు: మీరు అడగబట్టే మాక్కూడా పోయాయి అని. ఆ వాదన నాకు ఎప్పుడూ ఎక్కలేదు. పాఠం రికార్డు చేసిన రోజునే క్యాప్షన్ రాసి ఉంటే అది ఒక పాఠానికి ఒక పూట పని. వాయిదా వేస్తూ పోతే ఇరవై వేల పాఠాల కొండ అవుతుంది. కొండ ఎక్కలేక ఊరే ఖాళీ చేశారు.

మన కొండ 2020లో కనపడింది. బళ్లు మూతపడ్డాక తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి టీశాట్, యాదగిరి చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ఫోన్లు లేని ఇళ్లకి టీవీ మేలే చేసింది. కానీ టీవీ పాఠం చూపులేని పిల్లల చెవితో ఒకసారి వినండి: “ఈ పటంలో చూడండి, ఇది ఇక్కడ కలుస్తుంది, దీన్ని ఇటు తీసుకెళ్తే ఇది వస్తుంది.” సర్వనామాలే సర్వస్వం. ‘ఇది’ బదులు ‘గుండె కుడి పైగది’ అంటే చాలు. దానికి యంత్రమూ అక్కర్లేదు, ఖర్చూ లేదు. వినపడని పిల్లలకి అదే పాఠం పెదాల కదలిక. వాళ్లలో చాలామందికి మొదటి భాష తెలుగు కాదు, సైగల భాష. దాని వ్యాకరణం దానిదే. వాళ్ల కోసం పాఠ్యపుస్తకాల్ని భారతీయ సంకేత భాషలోకి మార్చటానికి ఎన్‌సీఈఆర్‌టీ ఒప్పందం చేసుకున్నది ఆ ఏడు అక్టోబరులో. ఇక నోట్సు సంగతి: టీచర్లు బోర్డు మీద రాసి, ఫొటో తీసి, వాట్సాప్‌లో పెట్టారు. వేరే మార్గం వాళ్లకీ లేదు. ఆ ఫొటో మీద వేలు పెడితే ఫోను ‘ఇమేజ్’ అంటుంది. అంతకుమించి పలకదు.

వికలాంగ పిల్లలకోసం డిజిటల్ పాఠాలు ఎలా తయారుచేయాలో కేంద్ర విద్యాశాఖ 2021 జూన్‌లో మార్గదర్శకాలు వెలువరించింది. మార్గదర్శకం అంటే పాటిస్తే మంచిదే, పాటించకపోతే అడిగేవాడు లేడు. ఈ తేడానే 2024 నవంబరులో సుప్రీంకోర్టు పట్టుకుంది. రాజీవ్ రతూరి కేసులో తీర్పు చెబుతూ, వికలాంగుల హక్కుల చట్టం కింద చేసిన నియమాల్లో ఇలా ఉత్త సిఫార్సులుగా మిగిలిన భాగాన్ని కొట్టేసి, కనీసంగా పాటించి తీరాల్సినవి ఇవీ అని విడిగా రాయమని ప్రభుత్వానికి చెప్పింది. ఆ తీర్పుకి ఆధారమైన నివేదిక మన హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రం తయారుచేసింది. 2025 ఏప్రిల్‌లో ఇంకో కేసులో, డిజిటల్ సేవలు అందుకోగలగటం జీవించే హక్కులో భాగమేనని కోర్టు అన్నది.

కోర్టుల సంగతి అలా ఉంచి, మన సాహిత్యం వైపు రండి. ఫేస్‌బుక్‌లో కవిత పెట్టేటప్పుడు సూర్యాస్తమయం బొమ్మ మీద అక్షరాలు పరిచి పెట్టటం ఫ్యాషనైంది. పత్రికలో వచ్చిన కథని పేజీ ఫొటోగా పంచుకోవటం మామూలు. యూనికోడ్ వచ్చి ఇన్నేళ్లయ్యాక మనంతట మనం మళ్లీ సీసపు అచ్చుకి వెళ్లిపోతున్నాం. బొమ్మలోంచి అక్షరాలు లాగే ఓసీఆర్ తెలుగుకి కూడా వచ్చింది, ఏటికేడూ మెరుగవుతోంది. అయినా ప, ష, వ, మ పక్కపక్కన వస్తే తడబడుతుంది. వత్తులు మింగేస్తుంది. పాత పుస్తకాల్లో అరసున్నలు ఎటు పోతాయో తెలియదు. అది ఇచ్చిన పాఠాన్ని కూర్చుని దిద్దటానికి చూపున్న మనిషి కావాలి, ఓపికా కావాలి. చూపులేని విద్యార్థికి తెలుగు నవల ఒకటి అందించాలంటే ఇవాళ కూడా జరిగేది ఇది: కొత్త పుస్తకం కొని, వెన్ను కోసి, పేజీపేజీ స్కాన్ చేసి, ఓసీఆర్ నడిపి, వారాల తరబడి దిద్దటం. ఆ నవల పూర్తి పాఠం, ఒక్క అచ్చుతప్పు లేకుండా, దాన్ని డీటీపీ చేసిన కంప్యూటర్లో అప్పటికే ఉంటుంది, అను ఫాంటులో. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి, వాటితో దిద్దాల్సినవి చాలా తగ్గుతాయి కూడా. ఆ ఫైలు ఇమ్మని అడగటానికి రచయితకి ఫోను చేస్తే ప్రచురణకర్తని అడగమంటారు, ప్రచురణకర్త డీటీపీ చేసినాయన్ని అడగమంటాడు. ఆయన మెషీన్ మార్చి రెండేళ్లయింది.